కోర్టు లేచేదాకా

తీర్పు పదకొండున్నరకు చదివినారు,
ఇంగ్లీషులో, గబగబా.
నాకు ఒక పక్కే వినబడుతుంది గనుక
కుడిచెవి బల్ల వైపు తిప్పి కూచున్నా.

ముద్దాయిలు తొమ్మిది మంది.
ఆరేండ్ల కింద పదకొండు.
వాయిదాల మధ్యలో ఇద్దరు పోయినారు,
ఒకరు గుండెతో, ఒకరు అప్పుతో.
మిగిలినోళ్లకు కోర్టు లేచేదాకా శిక్ష,
తలకు వెయ్యి రూపాయల జరిమానా.

నా తలకు ఎంతో చెప్పలేదు.

సర్కారు లాయరమ్మ ఫైలు మూసి
"మొదటి తప్పంట, వయసంట,
డెబ్బై వాయిదాలు తిరగడమే పెద్ద శిక్షంట" అనింది
నా ఎడమపక్క నుంచి.
మళ్లీ కుడిపక్కకు వచ్చి అనింది.

ఆ పొద్దు పెనుమూరు క్రాసులో
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
మూడు కిలోమీటర్ల ట్రాక్టర్లు.
కిలో మూడు రూపాయలన్నారు, మర్నాడు రెండన్నారు,
మూడోనాడు గేటే తీయలేదు.
ట్రాలీల్లో తోతాపురి కాయలు అడుగునుంచి ఉడికి
రసం తారురోడ్డు మీదికి కారతా ఉండాది.
ఈగలు మా టోపీల మీద, వాళ్ల తువ్వాళ్ల మీద
తేడా లేకుండా వాలినాయి.

ముందు పడింది కాయలే.
మెత్తటి కాయ చొక్కాకు తగిలితే నవ్వినాము గూడా.
తర్వాత ఎస్సై విజిలేసినాడు.
నా లాఠీ ఎవరిదో ముంజేతి మీద పడింది,
ఎండుపుల్ల విరిగిన చప్పుడు.
రెండు చెవులతో నేను విన్న ఆఖరి చప్పుళ్లలో అదొకటి.
దానికి కేసు లేదు, చూసినోళ్లు లేరు.
నేనున్నా. నన్నెవరూ అడగలా.

రాయి, రోడ్డు వెడల్పు చేసేదానికి
కుప్పబోసిన కంకరలోంచి లేచింది.
విసిరిన చెయ్యి ఎవరిదో
ఆరుగురు సాక్షులు ఆరు తీర్లుగా చెప్పినారు.
నేను దొరసామి అన్నా.
నేను చూసింది ఎర్ర తువ్వాలు ఒకటే.

ఆ రాయికి కోర్టులో పేరు, వస్తువు నెంబరు మూడు.
తెల్లగుడ్డలో చుట్టి, లక్కేసి, చీటీ కట్టి
ఆరేండ్లు బీరువాలో దాచినారు, నాకంటే భద్రంగా.
తీర్పు చివర దాని సంగతి గూడా ఉంది:
విలువ లేనిది గనుక
అప్పీలు గడువు తీరినాక నాశనం చేయవలెను.
రాయిని ఎట్లా నాశనం చేస్తారని గుమస్తానడిగినా.
"నీవా ఏట్లో పారేస్తాం."
ఏట్లో నీళ్లు లేవు కదా అంటే
"అయితే ఉంటుంది" అన్నాడు.

శిక్ష మొదలైంది.
గోడవారన బెంచీ మీద చెంగల్రాయులు నిద్రపోయినాడు,
డఫేదారు తట్టితే లేచి ఫ్యానుకు దండం పెట్టినాడు.
ఒంటిగంటన్నరకు జడ్జి భోజనానికి లేస్తే
"అయిపోయిందా సామీ?" అని ఎవరో అడిగినారు.
ఇది లేచినట్టు కాదంట.
వరండాలో చింతపండన్నం పొట్లాలు విప్పినారు,
వాసన నాదాకా వచ్చింది.

ధనకోటి ఫోన్ చేసింది. "ఎన్నేండ్లు పడింది?"
"ఐదున్నర" అన్నా.
కొంచెం ఆగి, "గంటలు."
ఆమె ఏమీ అనలేదు.
ఆ పొద్దు వరసలో పద్దెనిమిదో ట్రాక్టరు ఆమె తమ్ముడిది.

నాకు కోపం లేదనుకుంటే పొరపాటు.
పాప నా ఎడమపక్క పడుకోదు,
కత చెప్తే సగంలో మళ్లీ చెప్పమంటానని.
ఆ చెవిలో కొళాయి కట్టేయడం మరిచినట్టు ఒకటే హోరు.
ఆ హోరుకు లేచే వేళ లేదు.

"నువ్వు పోవచ్చు కదన్నా" అన్నాడు కోర్టు కానిస్టేబులు.
పోలేదు. గోడ గడియారం కింద
లెక్క సరిచూసుకుంటా కూచున్నా,
వాళ్లతో సమానంగా.

ఐదైంది. జడ్జి లేచినారు. అందరం లేచినాము.

గేటు దగ్గర ఎవరో నా భుజం తాకినారు.
దొరసామి. జుట్టంతా నెరిసింది.
ఆయప్ప పెదవులు కదిలినాయి, ఎడమపక్కన.
మన్నించమన్నాడో,
పెనుమూరు బస్సు ఎన్నింటికన్నాడో.

"ఐదుంబావుకి" అన్నా.

ఆయప్ప తలకాయ ఊపినాడు.
బస్సు వైపు మాత్రం కదల్లేదు.